ఉర్లగడ్డ పుట్టినింట ఒక పూట



ఈ నెల మా ముచ్చట తిండికి సంబంధించినది. అయితే తిండితో మొదలైన మాట తిండితోనే ముగుస్తుందని మేము పూచీ ఇవ్వలేము.

మా అమ్మాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. మొదటి జీతం చేతికి వచ్చినప్పటినుంచీ, "అవ్వను, మిమ్మల్నందరినీ ఒక మంచి హోటలుకు పిలుచుకొని పోతాను నాన్నా" అని ఒకటే పట్టు. మంచి హోటలంటే మా మనస్సులో మెదిలేది ఒకటే: నెయ్యి కారే మసాలాదోశె, ఆ తరువాత లోటాలో కాఫీ. ఐదుగురికి ఎంతవుతుందో కూడా మనస్సులోనే కూడి పెట్టుకున్నాము. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? కాని అమ్మాయి ఎంచుకున్నది వేరు. మన బెంగళూరులో కొత్తగా తెరిచిన పెరూ దేశపు భోజనశాల అట.

ఆ మాట చెవిన పడగానే మా అమ్మ, "పెరుగు హోటలా? పెరుగన్నానికి అంత దూరం పోవల్నా? ఇంట్లో తోడేసి పెట్టినాను గదా" అన్నది.

"పెరుగు కాదవ్వా, పెరూ. దేశం పేరు. అమెరికాలో దక్షిణాన ఉంది."

"అమెరికా అయితే పక్కింటివాళ్ళ పిల్లోడు ఉండేది ఆడనే గదా. వాన్ని అడిగితే చెప్తాడు ఏం తినల్లో."

"అది వేరే అమెరికా అవ్వా."

అమ్మాయికి బల్ల దొరికినది శనివారం సాయంత్రం. మా అమ్మకు శనివారం వేంకటేశ్వరస్వామి వారం. మాంసం, చేప, కోడిగుడ్డు ముట్టదు. ఆ సంగతి మా ఇంటావిడ గుర్తు చేసేసరికి అమ్మాయి ముఖం చిన్నబోయింది. "ఉర్లగడ్డ ఏమైనా ఉంటే తింటానులే పాపా" అని అమ్మే సర్దిచెప్పింది. మనుమరాలి మొదటి జీతం తిండిని కాదనడానికి ఏ అవ్వకు మనసొప్పుతుంది?

వెళ్ళాము. గోడమీద మంచుకొండలు, గొర్రెకు ఒంటెమెడ తగిలించినట్లున్న జంతువుల బొమ్మలు. వడ్డించే అబ్బాయి మణిపూరువాడు. మాతో ఇంగ్లీషులోను, మా అమ్మతో కన్నడంలోను చక్కగా మాట్లాడినాడు. ఈ ఊరికి వచ్చి రెండేళ్ళేనట. కూడు పెట్టిన ఊరి భాష నేర్చుకున్నాడని మా అమ్మకు అతనిమీద అప్పుడే వాత్సల్యం కలిగింది.

పదార్థాల పట్టిక చేతికిచ్చినారు. అమ్మాయి ఇంగ్లీషులో చదివి, అవ్వకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. చదివినకొద్దీ ఉర్లగడ్డే. ఉడికించినది ఒకటి, మెదిపి నిమ్మరసం పోసి పొరలు పొరలుగా పేర్చినది ఒకటి, వేయించినది మరొకటి.

"ఉర్లగడ్డ తినడానికి ఇంత దూరం రావల్నా?" అన్నది అమ్మ.

"ఉర్లగడ్డ పుట్టిందే ఆడ అవ్వా! ఆడ దాని పేరేమో తెలుసా? పాపా!" అని చెబుతూనే అమ్మాయికి నవ్వు ముంచుకొచ్చింది. "నువ్వు ఇన్నేళ్ళూ నన్ను ఉర్లగడ్డా, ఉర్లగడ్డా అని పిలుస్తున్నావు!"

అందరమూ నవ్వినాము. పక్క బల్లవారు తిరిగి చూచినారు. ఫరవాలేదు.

ఆ మాట నిజమే. అక్కడి కొండజనుల భాష కెచువా. ఆ భాషలో ఉర్లగడ్డను 'పాపా' అనే అంటారు. తరువాత వచ్చిన స్పెయినువారూ ఆ మాటనే పట్టుకున్నారు. పెరూ, బొలీవియా దేశాల సరిహద్దులో టిటికాకా అనే పెద్ద సరస్సు ఉన్నది. ఆ చుట్టుపట్ల కొండల్లో సుమారు 7,000 సంవత్సరాలకు పూర్వమే ఈ దుంపను సాగులోకి తెచ్చినారు. లీమా నగరంలో 1971లో స్థాపించిన అంతర్జాతీయ ఉర్లగడ్డ పరిశోధన కేంద్రంలో నాలుగు వేలకు పైగా రకాల విత్తనసంపద భద్రపరచి ఉన్నది. కొండలమీద రాత్రి మంచుకు దుంపలు గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారట. దానిని 'చూన్యో' అంటారు. ఏళ్ళ తరబడి చెడదు. ఇది విని మా ఇంటావిడ, "అయితే మన వడియాలకు అక్కచెల్లెలే" అన్నది.

మనం మాత్రం దీనికి పుట్టిల్లే మార్చివేసినాము. కోస్తావారు బంగాళాదుంప అని బంగాళదేశానికి కట్టబెట్టినారు. తెలంగాణావారు ఆలుగడ్డ అన్నారు, మేము ఉర్లగడ్డ అన్నాము. మిరపకాయ సంగతీ అంతే. అదీ ఆ అమెరికా ఖండాల సొత్తే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో మన రేవులకు దిగినది. అంతకు ముందు మన పెద్దల వంటలో కారమంటే మిరియాల కారమే. మిరపకాయ లేని తెలుగు వంటిల్లు ఒకటుండేదంటే నమ్మబుద్ధి కాదు, కాని ఉండేది!

ఇంతలో పళ్ళేలు వచ్చినవి. మా అమ్మ ముందు పెట్టినది ఉడికించిన ఉర్లగడ్డ ముక్కలమీద చిక్కగా పోసిన పసుపుపచ్చని గొజ్జు. పేరు 'ఓకోపా'. వేయించిన శెనిక్కాయలు, ఎండు మిరపకాయలు, పాలు, పనీరులాంటి పచ్చి చీజు, ఒక జాతి ఆకు వేసి నూరుతారట. ఆ ఆకు ఇక్కడ దొరకక పుదీన, కొత్తిమీర వేసినామని మణిపూరు అబ్బాయి చెప్పినాడు. మీద పెట్టే కోడిగుడ్డు వద్దని ముందే చెప్పి ఉన్నాము.

అమ్మ ఒక ముక్క నోట పెట్టుకున్నది. కాసేపు కళ్ళు మూసుకున్నది. మాకు భయమేసింది.

"ఇది ఊరిబిండే గదమ్మా!" అన్నది.

చిత్తూరు, అనంతపురం వైపు మూలాలున్న పాఠకులకు ఊరిబిండి ఏమిటో చెప్పనక్కరలేదు. వేయించిన శెనిక్కాయలు, మిరపకాయలు, కాస్త చింతపండు వేసి రోట్లో నూరి, రాగిసంగటిలో నంజుకునేది. మా అమ్మ చేతి ఊరిబిండి రుచి ఎరుగని బంధువు లేడు. అదే రుచి, చీజు తప్ప, ఎక్కడో సముద్రాలకవతల పుట్టిన పళ్ళెంలో కనిపించేసరికి ఆమె ముఖం విప్పారింది. శెనిక్కాయ కూడా ఆ ఖండానిదే. పెరూలోని సిపాన్ అనే చోట 1987లో ఒక పాత ప్రభువు సమాధి తవ్వితే, బంగారంతోను వెండితోను శెనిక్కాయల ఆకారంలో పూసలు చేసి గుచ్చిన హారం దొరికినది. మనం మూటలుగా తూచి అమ్ముకునే కాయను వారు ప్రభువు మెడకు హారంగా వేసినారు.

మా అబ్బాయికి శనివారం లేదు, ఆదివారం లేదు. 'లోమో సాల్తాదో' అనే పదార్థం చెప్పినాడు. పెరూలో ఎద్దుమాంసంతో చేస్తారు, ఇక్కడ కోడితో చేసినారు. ఎర్రగడ్డలు, టమాటాలు, వేయించిన ఉర్లగడ్డలు, పక్కన అన్నం. అది బల్లమీదికి రాగానే మా ఇంటావిడ, "ఇదేమి, చైనా హోటలు వాసన వస్తున్నది?" అన్నది. ముక్కంటే అది. దానిలో చైనావారి సోయా రసం ఉన్నది.

ఇక్కడే మా ముచ్చట తిండిని దాటుతున్నది.

1849 మొదలు 1874 వరకు సుమారు లక్షమంది చైనా కూలీలను ఓడలమీద పెరూకు తీసుకువెళ్ళినారు. ఎనిమిదేళ్ళ ఒప్పందం. చెరకు తోటల్లో, పత్తి చేలల్లో, సముద్రపు దీవుల్లో పక్షుల రెట్ట ఎరువు తవ్వే పనిలో పెట్టినారు. ఎందరో అక్కడే మట్టిలో కలిసినారు. మిగిలినవారు ఒప్పందం తీరినాక లీమాలో చిన్న చిన్న పూటకూళ్ళు పెట్టుకున్నారు. ఆ తరువాత 1899లో జపానువారి తొలి ఓడ వచ్చినది. ఇప్పుడు పెరూలో వీధి వీధికీ చైనా పద్ధతి హోటళ్ళున్నవి. వాటిని 'చీఫా' అంటారు. చైనా భాషలో 'భోజనం చేయడం' అనే మాటే అది. అల్లాన్ని ఆ దేశంలో 'కియోన్' అంటారు, వేపిన అన్నాన్ని 'చౌఫా' అంటారు. అవీ చైనా మాటలే. జపాను సంతతివాడు లీమాలో నడిపే 'మైదో' అనే భోజనశాలకు 2025లో ప్రపంచపు 50 మేటి భోజనశాలల పట్టికలో మొదటి స్థానమే వచ్చినది.

అంటే కూలికి వచ్చినవారి వంట ఆ దేశానికే వంట అయింది. సంతోషమే. కాని వారి భాష? ఆ కూలీల మునిమనుమలలో ఎక్కువమంది మాట్లాడేది స్పానిషే. తాతల మాటల్లో నిలిచినవి చాలావరకు అల్లం, అన్నం, సోయా రసం. భాష వీధినుంచి ఇంట్లోకి, ఇంట్లోనుంచి వంటింట్లోకి, వంటింట్లోనుంచి పళ్ళెంలోకి ఒదిగి ఒదిగి, అక్కడ నాలుగు ముక్కలుగా మిగిలింది.

ఇది అమ్మాయి ఫోనులో చూచి చదివి వినిపిస్తూ ఉంటే మాకు మా ముత్తాత గుర్తుకు వచ్చినాడు. పలమనేరు వైపునుంచి కోలారు బంగారు గనులకు కూలికి వచ్చినవాడాయన. మా తాత, మా నాయన ఆ గనుల్లోనే పని చేసినారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మేము బెంగళూరు చేరినాము. మాకు అక్షరాలు దిద్దించినది మా అమ్మ. మా పిల్లలకు దిద్దించవలసినది మేము.

దిద్దించలేదు. ఇంగ్లీషు బడి, కన్నడం రెండవ భాష, హిందీ మూడవది. 'ఇంట్లో మాట్లాడుతున్నారు గదా, చాలులే' అనుకున్నాము. ఈ పత్రిక మా ఇంటికి వచ్చిన రోజున కళ్ళద్దాలు పెట్టుకుని అట్టనుంచి అట్టదాకా చదివేది మా అమ్మ ఒక్కతే. తండ్రి నెలనెలా ఏమి రాస్తాడో మా పిల్లలకు తెలియదు. ఈ మాట ఇంతవరకు పాఠకులకు చెప్పుకోలేదు. సిగ్గుపడే దాచినాము.

ఆ సాయంత్రమంతా అమ్మాయి అవ్వ చెప్పిన మాటలన్నీ ఫోనులో రాసుకుంటూనే ఉన్నది: ఉర్లగడ్డ, గెణుసుగడ్డ, శెనిక్కాయ, ఊరిబిండి. చివరకు ముచ్చటగా ఫోను అవ్వ చేతికిచ్చి, "చూడవ్వా, నీ మాటలన్నీ రాసి పెట్టినాను" అన్నది. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, ఫోను దగ్గరగా పెట్టుకున్నది, దూరంగా పెట్టుకున్నది. రాసినవన్నీ ఇంగ్లీషు అక్షరాలు.

"ఏం రాసినావో నాకేం తెలుసు పాపా" అన్నది మెల్లగా.

ఇద్దరివీ అవే మాటలు. ఒకరు రాసినది ఒకరు చదువలేరు. నడుమ కూర్చున్నది మేము. ఆ నిమిషాన నోట్లోది మింగుడు పడలేదు. తప్పు అవ్వది కాదు, మనుమరాలిది కాదు. ఎవరిదో మాకు తెలుసు.

అమ్మ మణిపూరు అబ్బాయిని కలం అడిగింది. పళ్ళెం కింద వేసిన కాగితం తిప్పి, వెనుక వైపున పెద్ద పెద్ద అక్షరాలతో 'ఊరిబిండి' అని రాసింది. "ఇదీ, ఇట్లా రాస్తారు" అన్నది. అమ్మాయి ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది.

బిల్లు 6,840 రూపాయలైంది. మా ఇంటి నెల సరుకులకు దాదాపు సరిపోయే మొత్తం. చెయ్యి జేబులోకి పోయింది గాని అమ్మాయి అప్పటికే ఫోనుతో కట్టివేసినది. కూతురు పెట్టిన తిండి తిన్నామన్న సంకోచమూ, గర్వమూ రెండూ కలిగినవి. దారిలో మా అమ్మ, "ఈసారి శనివారం కాకుండా పోదాము. ఆ పిల్లోడు తిన్నదేమో నేనూ చూడల్ల" అన్నది.

ఓకోపా ఇంట్లో చేయదలచిన సోదరీమణులకు మా ఇంటావిడ చేసి చూచిన పద్ధతి ఇది. ఒక గుప్పెడు శెనిక్కాయలు వేయించి పొట్టు తీయండి. ఒక ఎర్రగడ్డ, రెండు తెల్లగడ్డ పాయలు, నాలుగు ఎండుమిరపకాయలు నూనెలో వేపండి. వీటిలో కొద్దిగా పనీరు, నాలుగు పుదీన ఆకులు, రెండు ఉప్పు బిస్కట్లు, కాచి చల్లార్చిన పాలు పోసి మెత్తగా రుబ్బండి. ఉడికించిన ఉర్లగడ్డలమీద పోసి పెట్టండి. ఉప్పు చివర చూచుకొని వేయండి, బిస్కట్లలో ఉన్నది.

సోమవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ అమ్మాయి బల్లమీద చూచినాము. ఆ కాగితం అక్కడ పరచి ఉన్నది. అవ్వ రాసిన మాట కింద ఆమె చేతితో నాలుగుసార్లు దించిన అక్షరాలు. మొదటిసారి 'ఊ' పడుకున్నది. రెండవసారి 'రి'కి గుడి లేదు. మూడవసారి సున్న ఎగిరిపోయింది. నాలుగవసారి సరిగా ఉన్నది.

ఆ సాయంత్రం వస్తూ ఒక పెద్దబాలశిక్ష కొని తెచ్చినాము. ఆలస్యమైంది, నిజమే. రోజూ రాత్రి భోజనాలయిన తరువాత అర్ధగంట, అవ్వ బడి పెట్టినది. అబ్బాయి కూడా కూర్చుంటున్నాడు, సణుగుతూనే.

మీ ఇంట్లోనూ ఇటువంటి బల్ల ఒకటి ఉంటుంది. ఒకవైపు అవ్వ, ఒకవైపు మనుమడో మనుమరాలో, నడుమ మనం. ఈ నెల మీ వంటింటి మాట ఒక్కటి పిల్లలచేత తెలుగు అక్షరాలలో రాయించండి. గుడి తప్పినా, సున్న ఎగిరినా దిద్దడానికి అవ్వ ఉండగానే.