మానమన్నారు సరే, ఎలా?

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు నిండింది తాగినవాళ్లతో కాదు, తాగడం ఆగిపోయినవాళ్లతో. చేతుల వణుకు, పొంతనలేని మాటలు, కొందరికి ఫిట్స్. ఆ కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు అలాంటిది: ఏళ్లుగా అలవాటుపడ్డ ఒంటికి ఉన్నట్టుండి అందకపోతే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించాలి. ఈ ముక్క ఏ పోస్టర్ మీదా నాకు కనపడలేదు. 'మత్తు మానండి' అన్న మాటే కనపడుతుంది. వివరం చెబితే జనం అలవాటుపడతారని జంకే పెద్దలతో నా పేచీ ఇక్కడే. సీసాలో ఏం కలిపారో అమ్మేవాడు ఎటూ చెప్పడు. పోస్టర్‌ని నమ్మి, మంచి మాటే కదా అని రాత్రికి రాత్రి మానేసిన కూలీకే ఫిట్స్ వస్తే, ఆ సగం సమాచారం ఇచ్చినవాళ్లదే తప్పు. దుకాణం మూయించే రోజున ఆ ఊళ్లో డాక్టరు కూడా ఉండాలి.