ఇంటి లెక్కలు: గ్యాసు లేని అద్దె ఇల్లు

అద్దె ఇల్లు చూడబోయినప్పుడు మనవారు గాలీ వెలుతురూ చూస్తారు, కుళాయి తిప్పి చూస్తారు, ఇంటివారు ఎటువంటివారని ఇరుగుపొరుగులను అడిగి కనుక్కుంటారు. మీటరు పెట్టె వంక మాత్రం చూడరు. దీపాలకూ ఫానులకూ అయ్యే కరెంటు ఎంతలే అని అలవాటు. కాని బెంగుళూరులో ఇప్పుడు సిలిండరు పెట్టుకోనివ్వని చిన్న ఇళ్లు కూడా అద్దెకు వస్తున్నాయి. వంటా, స్నానమూ, సర్వమూ కరెంటు మీదనే.

హోసూరు నుంచి మారబోతున్న ఒక సోదరి అటువంటి ఇల్లు చూచి, అద్దె జీతానికి సరిపోతుందనీ, బిల్లు ఎంత వస్తుందో తెలియక అడ్వాన్సు ఇవ్వడానికి జంకుతున్నామనీ మాకు వ్రాశారు. ఇంట్లో నలుగురు: దంపతులు, అత్తగారు, బడికి పోయే బిడ్డ. జంకడం మంచిదే. అడ్వాన్సు చేయి దాటాక లెక్క చూచుకొని లాభమేమి?

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిటు. ఇది అందరికీ తెలిసినదే. కాని గీజరు మీద వ్రాసిన 2000 వాట్లను గంటలతో గుణిస్తే లెక్క తప్పుతుంది. అది నీళ్లు కాగగానే ఆగిపోతుంది. గనుక మేము గీజరును విడిచి నీళ్లను లెక్కపెడతాము. ఒక యూనిటు కరెంటు 43 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కిస్తుంది. స్నానానికి 20 లీటర్ల బకెట్టు గోరువెచ్చన చేయడానికి, కొంత వృథా కలుపుకొని, అర యూనిటు. నలుగురికి రోజుకు రెండు, నెలకు 60. గీజరు స్విచ్చి పగలంతా వేసి ఉంచితే నీళ్లు చల్లారుతూ మళ్లీ కాగుతూ ఇంకొంత పోతుంది.

వంటకు ఈ సోదరి ఇప్పుడు వాడుతున్న సిలిండరే కొలత. 14.2 కిలోల సిలిండరు చేసే వంటకు ఇండక్షన్ పొయ్యి మీద సుమారు 130 యూనిట్లు కావాలి. సిలిండరు 65 రోజులు వస్తున్నట్లయితే రోజుకు రెండు, నెలకు మరి 60. అల్యూమినియం, ఇత్తడి పాత్రలు ఆ పొయ్యిని అంటవు సుమా. అత్తగారి ఇత్తడి గుండిగ అటకెక్కుతుంది; కొత్త గిన్నెల ఖర్చు వేరే వ్రాసుకోవాలి. ఆ గుండిగ సంగతి అత్తగారికి ముందే చెప్పడం మేలు.

తక్కినవి త్వరగా తేలిపోతాయి. ఫ్రిజ్ మీద అంటించిన నక్షత్రాల చీటీలో సంవత్సరానికి ఎన్ని యూనిట్లో వ్రాసి ఉంటుంది. 240 అయితే నెలకు 20. దీపాలకు 7, టీవీకి 10. మిక్సీ, ఇస్త్రీ, బట్టల యంత్రం అన్నిటికీ కలిపి 15 వేయండి. గ్రైండరు గర్జన చూచి భయపడనక్కరలేదు, పిండి రుబ్బడానికి అయ్యేది కొద్దే. పాత ఫాను 75 వాట్లది. రెండు పదేసి గంటలు తిరిగితే నెలకు 45. వెరసి 217. చలికాలంలో ఫానులు తగ్గుతాయి, ఎండాకాలంలో వేణ్ణీళ్లు తగ్గుతాయి. అయినా ముందుచూపు లెక్కలో రెండూ నిండుగానే వేసుకోవాలి.

217 అనేది చిక్కు అంకె. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి పథకంలో అందరికీ 200 యూనిట్లు ఉచితమని చాలామంది అనుకుంటారు. అది కాదు. 2022-23 సంవత్సరంలో ఆ కనెక్షను వాడిన సగటుకు పదోవంతు కలిపి, అంతవరకే ఉచితం. ఆపైన 200 వరకు ఎక్కువైన యూనిట్లకు డబ్బు కట్టాలి. 200 దాటితే మొత్తానికీ కట్టాలి. అంతకుముందు ఉన్నవారు గ్యాసు మీద వండుకొని నెలకు 60 వాడి ఉంటే ఉచితం 66 మాత్రమే. లెక్క సులువుకు యూనిటు ఆరు రూపాయలనుకుందాం. 217 కాలితే 1302 రూపాయలు. ఆ రెండు ఫానుల బదులు 30 వాట్ల కొత్త రకం వేస్తే వాడకం 190. కట్టవలసినది 124 యూనిట్లకు, అంటే 744. తగ్గింది 27 యూనిట్లు, మిగిలింది 558 రూపాయలు!

కావున ఇంటివారిని అడగవలసినవి ఉన్నాయి. పోర్షనుకు సొంత ఆర్.ఆర్. నంబరుతో మీటరుందా, లేక సబ్ మీటరు పెట్టి యూనిటుకు తమ ధర చెబుతారా? పథకం ఆ నంబరుకు ఎన్ని యూనిట్లు ఇస్తున్నది? నీళ్ల మోటారు, లిఫ్టు ఖర్చు ఎవరి మీద? పాత బిల్లు ఒకటి చూపించమంటే తప్పు పట్టేవారుండరు. అందులోనే మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో ఉంటుంది. స్థిర రుసుము దానినిబట్టే. రెండు కిలోవాట్ల ఇంట్లో గీజరూ పొయ్యీ ఒకేసారి వేస్తే ఆ హద్దు దాటుతుంది. లోడు పెంచమని అర్జీ పెట్టవలసింది ఇంటి యజమానే గనుక, ఆ మాట ఒప్పందానికి ముందే తేల్చుకోవాలి.

హోసూరు బిల్లుతో పోల్చబోకండి. తమిళనాడులో రెండు నెలలకొక బిల్లు, 2016 నుంచి అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. బెంగుళూరులో నెలనెలా వస్తుంది. ఈ సోదరి జీతంలో నెలకు 1500 కరెంటుకని విడిగా పెట్టగలిగితే ఇల్లు తీసుకోవచ్చు. ఇంటివారు పాత బిల్లు చూపించకపోతే మాత్రం మరొక ఇల్లు చూచుకోమని మా సలహా.