"పాస్ మార్కులకు ఇది చాలు" అనేవాళ్లకు మా జవాబు



అసెంబ్లీ క్లాసులో ఫ్లోటింగ్ పాయింట్ గుణకారం దగ్గరికొచ్చేసరికి "ఇది మీకు కష్టం, వదిలేయండి. పాస్ మార్కులకు 8086 చాలు" అన్నారు. ఆ "మీకు" ఎవరో వెనక బెంచీల్లో ఉన్న మాకు అర్థమైంది. బాధేంటంటే, మన హాస్టల్ సీనియర్లు కూడా అదే మాట చెప్పి ఇంపార్టెంట్ ప్రశ్నల పీడీఎఫ్ చేతిలో పెడుతున్నారు.

వదిలేస్తే ఏం పోతుందో చూడండి. 1978 నాటి 8086లోని మల్, ఐమల్ పూర్ణాంకాలనే గుణిస్తాయి. దశాంశాల కోసం 1980లో 8087 అనే వేరే చిప్ వచ్చింది, దాని ఇన్‌స్ట్రక్షన్ ఎఫ్‌మల్. 1999లో పెంటియం 3తో మల్‌ఎస్‌ఎస్, మల్‌పీఎస్ వచ్చాయి. మొదటిది ఒక జత సంఖ్యల్ని గుణిస్తుంది, రెండోది ఒకేసారి నాలుగు జతల్ని. 8086 దగ్గర ఆగమంటే 1978లోనే ఆగమని.

పోనీ, నిజంగా అంత కష్టమా? 2.5 అంటే 1.25 × 2. 3 అంటే 1.5 × 2. ముందు 1.25ని 1.5తో గుణిస్తే 1.875. రెండు పక్కలా ఉన్న రెండ్ల ఘాతాలు 1, 1 కలిపితే 2, అంటే నాలుగు రెట్లు. 1.875 × 4 = 7.5. అయిపోయింది! 32 బిట్ల సంఖ్యలో ఘాతాన్ని 127 కలిపి దాస్తారు. 128, 128 కూడితే ఆ 127 రెండుసార్లు వచ్చేస్తుంది, ఒకసారి తీసేస్తే 129. గుర్తులు ఒకటైతే ప్లస్, వేరైతే మైనస్. బిట్లలో పట్టనిది రౌండ్ చేస్తారు.

మరి 0.1 × 0.1 సరిగ్గా 0.01 ఎందుకు రాదు? సంతలో కుంచం గుర్తు తెచ్చుకోండి. కుంచంలో సగం అడ్డ, అందులో సగం మానిక, ఆపైన తవ్వ, సోల. వీటితో కుంచంలో పదో వంతు సరిగ్గా కొలవగలమా? ఎన్ని సగాలు చేసినా కాస్త తక్కువో, ఎక్కువో. కంప్యూటర్‌కూ సగాలే తెలుసు. మన అవ్వలు కొలిచిన లెక్కే ఇది. మనకు రాదని చెప్పడానికి వాళ్లెవరు?

సీనియర్లకు ఒక్క మాట. మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మనమే. ఉత్త పాస్ మార్కుల కోసమే అయితే అమ్మానాన్నలు అప్పు చేసి మనల్ని బస్సెక్కించక్కర్లేదు. సిలబస్‌లో ఉన్న పాఠం చెప్పమనడం ఎదురుతిరగడం కాదు, మన హక్కు. సోమవారం అందరం కలిసి వెళ్లి అడుగుదాం.

అంతకుముందు ఆదివారం టిఫినయ్యాక డైనింగ్ హాల్లో కూర్చుందాం. 1.5 × 1.5 కాగితం మీద చేసుకురండి. భిన్నం రెండు దాటుతుంది, అప్పుడు ఘాతం ఏమవుతుందో మీరే చెప్పాలి.

జై ఆదివాసీ.