క్లౌడ్‌లోకి వెళ్లేముందు బయటి దారి చూసుకోండి

సర్వర్ కొనక్కర్లేదు, దాన్ని చూసుకోవడానికి మనిషిని పెట్టుకోనక్కర్లేదు, క్లౌడ్‌కు మారితే చాలని చిన్న వ్యాపారులకు చెప్పే ప్రకటనలు మళ్లీ జోరందుకున్నాయి. అవి చెప్పేది అబద్ధం కాదు. చెప్పకుండా దాటేసే సంగతే కోపం తెప్పిస్తోంది. ఎక్కడో ఒక భవనంలో వేరొకరి యంత్రాలను వాడుకుని, వాడినంతకు అద్దె కట్టడమే క్లౌడ్. ఇల్లు అద్దెకు తీసుకునేవాడు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో ముందే అడుగుతాడు. వ్యాపారం లెక్కలన్నీ, ఖాతాదారుల వివరాలన్నీ అప్పగించేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎవరి నోటా రావడం లేదు.

క్లౌడ్ వద్దని నా వాదన కాదు. గుంటూరు మిర్చి వ్యాపారికి సీజన్‌లో బిల్లులు ఊపిరి సలపనివ్వవు, మిగతా నెలలన్నీ నిదానమే. ఆ రద్దీకి సరిపడా సర్వర్ కొంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఊరికే పడి ఉంటుంది. అక్కడ అద్దె పద్ధతే లాభం. కౌంటర్ కింద దుమ్ము పట్టిన సీపీయూ, పక్కన బ్యాటరీ పోయిన యూపీఎస్, గల్లాపెట్టెలో పెన్‌డ్రైవ్ బ్యాకప్ - ఈ ఏర్పాటు కంటే క్లౌడ్ ఎన్నో రెట్లు నయం. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది కాబట్టి దూరమన్న వంకా లేదు.

అయితే బిల్లును వరుసవారీగా చదవాలి. డేటా లోపలికి పంపితే పైసా అడగరు. బయటికి తీస్తే జీబీల లెక్కన వసూలు చేస్తారు. అమెజాన్ ముంబై కేంద్రం తొలి అంచె ధర జీబీకి దాదాపు 11 సెంట్లు. ఆ లెక్కన మన 10 టెరాబైట్ల డేటాను మనం వెనక్కి తెచ్చుకోవడానికి వెయ్యి డాలర్లు దాటుతుంది. పూర్తిగా వెళ్లిపోయేవారికి ఈ రుసుం మాఫీ చేస్తామని 2024లో పెద్ద కంపెనీలు ప్రకటించాయి కదా అనవచ్చు. నిజమే, కానీ అది వాళ్ల షరతుల మీద వాళ్లిచ్చే వెసులుబాటు. యూరప్‌లో అదే హక్కయింది. అక్కడి డేటా చట్టం ప్రకారం 2027 జనవరి 12 నుంచి వేరే కంపెనీకి మారేవారి దగ్గర రుసుమే వసూలు చేయకూడదు.

అంత పెద్ద కంపెనీల దగ్గర డేటా ఎక్కడికి పోతుందన్న ధీమా కూడా చెల్లదు. ఆరు లక్షలకు పైగా సభ్యులున్న ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ వాడుతున్న ఒక ప్రైవేట్ క్లౌడ్ 2024 మేలో గూగుల్ వైపు జరిగిన పొరపాటు వల్ల చెరిగిపోయింది. అందులో రెండు చోట్ల ఉంచిన ప్రతులూ దానితోపాటే పోయాయి. మరో సంస్థ దగ్గర దాచినవి సహా విడిగా ఉంచిన బ్యాకప్‌ల వల్లే ఆ నిధి గట్టెక్కింది. 2025 జులైలో యూరప్ ఆంక్షల పేరుతో మన నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. అవి ఆ కంపెనీ డబ్బు కట్టి వాడుకుంటున్న సేవలే. ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాకే తిరిగి వచ్చాయి. రిఫైనరీ నడిపే సంస్థకు లాయర్లుంటారు. మందుల డిస్ట్రిబ్యూటర్‌కు ఎవరున్నారు?

ఇక మన ప్రభుత్వాల తీరు. విశాఖలో డేటా కేంద్రానికి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడుతుందని 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి ఎకరాలు, మెగావాట్ల గురించే మాట్లాడుతున్నారు. భవనం మన ఊళ్లో ఉంటే డేటా మీద అజమాయిషీ మనదైపోదని నయారా ఉదంతమే చెబుతోంది. భూమి, కరెంటు ఇచ్చే ప్రభుత్వం బదులుగా స్థానిక వ్యాపారులకు తెలుగులో ఒప్పందం, వెళ్లిపోయే హక్కు ఎందుకు అడగదు? ఇంజినీరింగ్ కాలేజీలు క్లౌడ్ సర్టిఫికెట్లు ఇప్పిస్తున్నాయి గానీ, ఆ బిల్లు చదవడం ఎందరికి నేర్పుతున్నాయి?

యూరప్‌లో లాంటి చట్టం మన దగ్గర వచ్చేదాకా వ్యాపారులు చేయగలిగింది ఉంది. డేటా ఏ రూపంలో, ఎన్నాళ్లలో, ఎంత ఖర్చుతో తిరిగి ఇస్తారో సంతకానికి ముందే రాయించుకోండి. రెండో ప్రతి వేరే కంపెనీ దగ్గర ఉంచండి. మూడు నెలలకోసారి ఆ ప్రతి నుంచి లెక్కలు తిరిగి తెరిచి చూడండి. వీటికి ఒప్పుకోని అమ్మకందారు ఎంత తక్కువకు ఇస్తానన్నా సంతకం పెట్టకండి.