వెనక నెట్టే ఇంజన్

ముంబై నుంచి సోలాపూర్ వచ్చే బండ్లు కర్జత్‌ల ఎందుకు ఆగుతయో మనోళ్లకు చాలామందికి తెల్వదు. వడాపావ్ కోసమే అనుకుంటరు! అక్కడి నుంచి లోనావలా దాకా బోర్ ఘాట్. కొన్ని చోట్ల 37 అడుగులు పోతే ఒక అడుగు పైకి ఎక్కాలె. ముందు ఇంజన్ ఒక్కదానితోటి కాదు. అందుకే చాలా బండ్లకు వెనక కూడ ఇంజన్లు తగిలిస్తరు. వాటిని బ్యాంకర్లు అంటరు. ఈసారి పోయినప్పుడు పిల్లలకు చూపియ్యండ్రి.

ముందు డ్రైవరుకు వెనక డ్రైవరు కనబడడు. మధ్యల అన్ని డబ్బాలు, సొరంగాలు. హారన్లతోటి, వాకీటాకీతోటి ఒకరికొకరు చెప్పుకోవాలె. ముందాయన ఆపినంక వెనకాయన నెడుతనే ఉంటే మధ్య డబ్బాలు పట్టాలు దిగొచ్చు.

ఇంజన్ లోపల కూడ ఇద్దరు. ఒకరు సిగ్నల్ రంగు పైకి చెప్తే, ఇంకొకరు తన కండ్లతోటి చూసి మళ్ల చెప్పాలె. ఇక గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నరు. పేరు మారింది, పచ్చ జెండా అదే.

మిల్లుల మాకూ అంతే. సాంచాల చప్పుడుల మాట వినబడదు, అన్నీ చేతి సైగలే. జాబర్ చెయ్యి బయటికి వచ్చిందని చూసినంకనే మగ్గం చాలూ చేసేటోళ్లం. లేకుంటే వేళ్లు పోతయి. ఇప్పుడు కొన్ని షెడ్లల్ల ఒక్క మనిషికే మగ్గాలు పెంచి, సాయం మనిషిని తీసేస్తున్నరు. మరి ఆ చెయ్యి ఎవరు చూడాలె? తమ్ముళ్లూ, మజూరీ మాట్లాడే దినం ఈ మాట కూడ అడగండ్రి.