వార్నిష్ ఆరేదాకా ఆగలేమా?

రాయగడ, కోరాపుట్, జయపురం బజార్లలో మోటారు వైండింగ్ షాపులు మనకు కొత్త కాదు. బోరు మోటారు కాలిందంటే అక్కడికే పరుగెడతాం. "సాయంత్రానికి కావాలి, కాస్త తగ్గించు తమ్ముడూ" అంటాం. చర్చి మోటారైనా ఇదే వరస.

రాగి తీగ చుట్టడం అందరికీ కనిపిస్తుంది. అసలు పని ఆ తర్వాతే. గాడుల్లో లెదరాయిడ్ పేపరు పరిచి కాయిల్స్ కూర్చోబెట్టాలి, పైకి లేవకుండా చీలలు బిగించాలి. కొసల మీది ఎనామిల్ గీకి, కలిపి, స్లీవులు తొడిగి, చుట్ల అంచులను దారంతో కట్టాలి. తడి పోయేలా వేడి చేసి, వార్నిష్ పట్టించి, మళ్లీ ఆరబెట్టాలి. వార్నిష్ సందుల్లోకి దిగి గట్టిపడితేనే తీగలు కదలవు, తేమ చేరదు. చివరికి మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడాలి. మనం తొందరపెడితే కోత పడేది ఆరబెట్టే గంటల మీదే. మోటారు మళ్లీ కాలితే తిట్లు మాత్రం మేస్త్రీకి.

వార్నిష్‌లలో చాలావాటికి జైలీన్ వంటి ద్రావకాలు కలుపుతారు. గాలి ఆడని గదిలో ఆ ఆవిరి పీలిస్తే తలనొప్పి వస్తుంది, కళ్లు తిరుగుతాయి. పాత తీగ ఊడదీయడానికి మంట పెడితే ఆ పొగ అదనం. సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం ఉంది, దామన్‌జోడిలో నాల్కో ఉంది. అక్కడ 2025 దాకా ఫ్యాక్టరీ చట్టం నడిచింది. 1948 నాటి ఆ చట్టం కరెంటు వాడే చోట 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంది. 2020 కార్మిక కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. ముగ్గురు పనిచేసే షాపు మామూలుగా ఏ లెక్కలోకీ రాదు.

నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపినది బెసలేలు అనే చేతిపనివాణ్ణి. ఆత్మ వరాల మీద గంటలకొద్దీ ప్రసంగించే మేము ఆ అధ్యాయాన్ని ఎందుకో త్వరగా దాటేస్తాం!

యువతీ యువకులారా, మీలో ఐటిఐ చదివినవారున్నారు. మీకు తెలిసిన షాపులో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందా, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు ఉందా చూడండి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. షాపు యజమాని మన విశ్వాసి అయితే ముందు అతన్నే అడగండి. పనివాళ్లకు ఈ-శ్రమ్ నమోదు లేకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక దగ్గర కూర్చుని చేయించండి.

సంఘ పెద్దలకు ఒక మాట. వార్నిష్, ఆరబెట్టే ఖర్చు బిల్లులో విడిగా రాయించండి, దాని మీద బేరం వద్దు. మోటారు ఒకరోజు ఆలస్యమైతే బిందెలతో నీళ్లు మోసుకుందాం.