ఇంతకీ ఆ టెంప్ ఎవరిది?

పాత సీ కోడులో ఒక బగ్గు నా రెండు రోజులు తినేసింది. రెండు వేరియబుళ్ళ విలువలు అటూ ఇటూ మార్చే మాక్రో, దాని లోపల టెంప్ అనే వేరియబుల్. మావాడొకడు తన సొంత టెంప్‌నే తెచ్చి దానికిచ్చాడు. మాక్రో అంటే ఉన్నదున్నట్టు అతికించడమే కదా, లోపలి టెంప్ బయటిదాన్ని కప్పేసింది. విలువలు మారలేదు, కంపైలర్ కిమ్మనలేదు!

"పేరుకి ముందు రెండు అండర్‌స్కోర్లు తగిలించు, సరిపోద్ది" అన్నారు మా సీనియర్. (అలాంటి పేర్లు సీలో కంపైలర్ వాళ్ళకి రిజర్వు చేసినవి, అది వేరే గొడవ.) పెళ్ళింట్లో "బుజ్జీ" అంటే నలుగురు పలుకుతారని, పిల్లలందరికీ నోరు తిరగని పేర్లు పెడతామా?

ఎవరి పేరు వారిదిగా ఉంచే పని మాక్రోని విప్పే ప్రోగ్రాముదే అని కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా 1986లోనే చూపించారు. స్కీమ్ దాన్ని అందిపుచ్చుకుంది. మాడ్యూలు దాటినా అంతే, మాక్రోలో రాసిన ఫంక్షన్ పేరు రాసినచోటి ఫంక్షన్‌నే పట్టుకోవాలి, వాడినచోట అదే పేరుతో ఇంకోటున్నా సరే. రస్ట్‌లో లోకల్ వేరియబుళ్ళకి ఈ కాపలా ఉంది. ఫంక్షన్లకి మాత్రం మామూలు మాక్రోల్లో డాలర్‌క్రేట్ అని మనమే రాసుకోవాలి. సగం పనే, అయినా సీ కంటే నయం.

నేనైతే ఆ మాక్రో పీకేసి ఫంక్షన్ రాశా. సీనియర్‌గారు ఇంకా అండర్‌స్కోర్ల దగ్గరే ఉన్నారు.